ఫీజు కట్టకముందే లెక్క చూపించండి: పౌర విమానయాన శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి నమస్కారాలు.

నేను ఇంటర్మీడియెట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పే అధ్యాపకుణ్ణి. వార్షిక పరీక్షలు ముగిసింది మొదలు కళాశాలలు మళ్లీ తెరిచేదాకా మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల ప్రశ్నలు ఒకప్పుడు ఇంజనీరింగ్, మెడిసిన్ చుట్టూనే తిరిగేవి. కొన్నేళ్లుగా వాటి సరసన "మా వాడు పైలట్ అవుతానంటున్నాడు మాస్టారూ, ఎక్కడ చేర్పించమంటారు?" అన్న ప్రశ్న కూడా చేరింది, "మా అమ్మాయి" అంటూ అడిగేవాళ్లూ తక్కువేమీ కాదు. వీళ్లలో ఎకరమో రెండెకరాలో అమ్మి ఫీజు కట్టడానికి సిద్ధపడ్డ రైతులున్నారు, పదవీ విరమణ డబ్బు మీద ఆశ పెట్టుకున్న ఉపాధ్యాయులున్నారు, ఇంటి కాగితాలు బ్యాంకులో పెడదామనుకుంటున్న చిరు వ్యాపారులున్నారు. వాళ్లకు నిజాయతీగా జవాబు చెప్పాలంటే నాకు కావలసిన లెక్కలు రెండే: ఫలానా శిక్షణ సంస్థలో చేరిన విద్యార్థికి కమర్షియల్ పైలట్ లైసెన్సు చేతికి రావడానికి వాస్తవంగా ఎన్ని నెలలు పట్టింది, లైసెన్సు వచ్చినవాళ్లలో ఎంతమంది రెండేళ్లలోపు విమాన సంస్థల్లో ఉద్యోగాల్లో కుదురుకున్నారు. మీ శాఖ తలచుకుంటే తెప్పించుకోలేని లెక్కలు కావివి. ఇప్పటికైతే తల్లిదండ్రుల ముందు లేవు. వాటిని బయట పెట్టించమని అడగడానికే ఈ లేఖ.

పైలట్ల అవసరం గురించిన లెక్కలు మాత్రం ఊరూరా తెలుసు. 2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 విమానాలకు, జూన్‌లో ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు ప్రకటించాయి. 2024 జనవరిలో ఆకాశ ఎయిర్ మరో 150 విమానాలు కావాలంది. రానున్న పదిహేను ఇరవై ఏళ్లలో దేశానికి 30,000 మంది పైలట్లు అవసరమవుతారని మీరే చెప్పారు. ఆ సంఖ్య ఇప్పుడు ప్రతి శిక్షణ సంస్థ కరపత్రంలోనూ మొదటి పేజీలో ఉంటుంది. అయితే అది ఇరవై ఏళ్లకు విస్తరించిన అంచనా అన్న సంగతి కరపత్రంలో ఉండదు. అప్పు చేసిన కుటుంబానికి వాయిదాలు మొదలయ్యేది రెండో ఏటో మూడో ఏటో. పైగా కొరత అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు సంగతులు దాగి ఉన్నాయి. విమాన సంస్థలు వెతుక్కునేది ముఖ్యంగా కెప్టెన్ల కోసం, ఎయిర్‌బస్ ఎ320 మీదో బోయింగ్ 737 మీదో ఇప్పటికే ఎగురుతున్న ఫస్ట్ ఆఫీసర్ల (కో-పైలట్ల) కోసం. ఎగిరిన గంటలు నమోదయ్యే లాగ్‌బుక్‌లో రెండు వందల గంటలతో కొత్తగా లైసెన్సు పుచ్చుకున్న కుర్రవాడు ఆ కొరతను అప్పటికప్పుడు తీర్చలేడు. పైలట్ల విశ్రాంతి నిబంధనలు కట్టుదిట్టమైన తరువాత 2025 డిసెంబరులో దేశంలోని అతిపెద్ద విమాన సంస్థ సర్వీసులు పెద్ద ఎత్తున రద్దయి ప్రయాణికులు విమానాశ్రయాల్లో పడిగాపులు కాసినప్పుడు, లైసెన్సు ఉండి ఉద్యోగం లేని యువకులు అదే వార్తను ఇంట్లో కూర్చుని టీవీలో చూశారు. ఈ రెండింటికీ మధ్యనున్న దూరాన్ని ఎవరూ తల్లిదండ్రులకు వివరించడం లేదు.

మొదటి మెట్టు దగ్గరే మన రాష్ట్రాల పిల్లలకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు ఇంటర్‌లో భౌతికశాస్త్రం, గణితం రెండూ చదివి ఉండాలన్నది చాలాకాలంగా ఉన్న నిబంధన. ఎంపీసీ వాళ్లకు ఇబ్బంది లేదు. బైపీసీ పిల్లలకు గణితం ఉండదు, ఎంఈసీ వాళ్లకు భౌతికశాస్త్రం ఉండదు. పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం రోజుల్లో, ఇంకా మీసాలైనా మొలవని వయసులో, కార్పొరేట్ కళాశాల ప్రతినిధి ఇంటికొచ్చి గ్రూపు ఖాయం చేసి వెళ్లే రాష్ట్రాలు మనవి. ఆ గ్రూపు వల్ల ఏ తలుపు మూసుకుపోతుందో అప్పుడెవరూ చెప్పరు. తరువాత జాతీయ ఓపెన్ స్కూల్ ద్వారా లేని సబ్జెక్టు విడిగా రాసి అర్హత తెచ్చుకోవచ్చన్న సంగతి తెలిసిన బైపీసీ విద్యార్థినులు ఎంతమంది ఉంటారు? ఈ నిబంధనను సడలించే ఆలోచన ఉన్నట్టు 2025లో వార్తలు వచ్చాయి. సడలించడం మంచిదే కానీ, చదివించే బాధ్యతను దానితోపాటు వదిలేయకూడదని ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడిగా నా అభిప్రాయం. అరవై నాటికల్ మైళ్ల ప్రయాణంలో దిశ ఒక డిగ్రీ తప్పితే గమ్యానికి ఒక మైలు పక్కకు పోతామన్న సూత్రం నావిగేషన్‌లో తొలి పాఠం. గాలి త్రిభుజం గీసి, ఏ దిశకు ముక్కు తిప్పితే ఏ దారిన పోతామో లెక్కగట్టడం రెండో పాఠం. పదో తరగతి త్రికోణమితి, మొదటి సంవత్సరం సదిశలు (వెక్టర్లు) వస్తే చాలు, రాకపోతే మాత్రం లైసెన్సులిచ్చే నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే నావిగేషన్ పేపరులో ఉత్తీర్ణతకు కావలసిన 70 శాతం తెచ్చుకోవడం చాలా కష్టం. గ్రూపు ఏదైనా చేర్చుకుంటామంటే సంతోషం, ఒక చిన్న వారధి పరీక్ష పెట్టండి. ఏ నిర్ణయమైనా పదో తరగతి ఫలితాలకు ముందే తెలుగులో ప్రకటించండి.

ఇక వైద్య పరీక్ష. ఈ లేఖలో నేను గట్టిగా అడిగేవాటిలో ఇది మొదటిది.

శిక్షణ మొదలుపెట్టడానికి క్లాస్ 2 వైద్య ధ్రువీకరణ సరిపోతుంది. లైసెన్సు ఇవ్వడానికి మాత్రం క్లాస్ 1 ఉండి తీరాలి. క్లాస్ 1 అంటే చెవి, కన్ను, గుండె, రక్తం, ఊపిరితిత్తులు అన్నీ క్షుణ్ణంగా చూసే పరీక్ష. బెంగళూరులోని ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ, ఢిల్లీలోని వైమానిక దళ కేంద్రం వంటి చోట్ల, డీజీసీఏ గుర్తించిన వైద్యుల వద్ద చేస్తారు. అవసరమైన వరుస ఏమిటో మామూలు బుద్ధికే తెలుస్తుంది: ముందు క్లాస్ 2, ఆ వెంటనే క్లాస్ 1, ఆ తరువాతే ఫీజు. జరుగుతున్నది తరచుగా దీనికి తలకిందులు. క్లాస్ 2 కాగితం రాగానే మొదటి విడత ఫీజు కట్టించుకుంటారు, క్లాస్ 1 "తరువాత చూసుకోవచ్చు" అంటారు. వర్ణాంధత్వం ఉన్నదని తనకే తెలియని పిల్లవాడు ప్రతి కళాశాలలోనూ ఉంటాడు, ముఖ్యంగా మగపిల్లల్లో. చుక్కల్లో అంకె చదివించే ఇషిహారా పుస్తకం జిల్లా కేంద్రంలోని ఏ కంటి వైద్యుడి దగ్గరైనా ఉంటుంది, పది నిమిషాల పని. ఆ పది నిమిషాల పని జరగకుండానే లక్షలు చేతులు మారుతున్నాయి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, క్లాస్ 1 రాకముందే బంధువుల్లో పిల్లవాడు "కెప్టెన్" అయిపోతాడు. ఆ తరువాత వెనక్కి తగ్గడం ఆ కుటుంబానికి డబ్బు కంటే పెద్ద సమస్య అవుతుంది.

దీనికి రెండో వైపు కూడా చూడాలి. కళ్లజోడు ఉంటే పైలట్ కాలేరన్న అపోహతో ఎందరో పిల్లలు అసలు ప్రయత్నమే చేయడం లేదు. నిర్దేశించిన పరిమితుల్లో ఉండి, అద్దాలతో చూపు సరిగ్గా వస్తే కళ్లజోడు అడ్డంకి కాదు. "తాత్కాలికంగా అనర్హులు" అన్న మాట చూసి భయపడి మానుకునేవాళ్లూ ఉన్నారు. చికిత్స తరువాత మళ్లీ పరీక్షకు వెళ్లవచ్చని వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. క్లాస్ 1 వచ్చేదాకా ఏ శిక్షణ సంస్థా నామమాత్రపు దరఖాస్తు రుసుము మించి వసూలు చేయరాదని ఒక్క ఉత్తర్వు ఇస్తే, కలల్లో బతుకుతున్నవాళ్లకూ అనవసరంగా భయపడుతున్నవాళ్లకూ ఒకేసారి మేలు జరుగుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు నెలల లెక్కకు వస్తాను. నిబంధన ప్రకారం లైసెన్సుకు 200 గంటల ఎగురుడు అనుభవం కావాలి. అందులో 100 గంటలు విమానం బాధ్యత తనదిగా, అంటే పైలట్ ఇన్ కమాండ్‌గా ఎగరాలి, 300 నాటికల్ మైళ్లకు తగ్గని ఒక దూరప్రయాణం చేయాలి, పరికరాల ఆధారంగా, రాత్రిపూట ఎగిరిన అనుభవం విడివిడిగా చూపాలి. చాలా సంస్థల్లో ఇందులో సుమారు 185 గంటలు ఒకే ఇంజను ఉన్న సెస్నా 172 వంటి విమానం మీద, మిగతా పదిహేను రెండు ఇంజన్ల విమానం మీద ఉంటాయి. వీటికి తోడు వాయు నావిగేషన్, వాతావరణ శాస్త్రం, వాయు నిబంధనలు, సాంకేతిక పేపర్లు, ఆపైన రేడియో టెలిఫోనీ పరీక్ష. రేడియో పరీక్ష ఇదివరకు టెలికాం శాఖ చేతిలో ఉండేది. 2025 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారతీయ వాయుయాన అధినియమంతో అది డీజీసీఏ పరిధిలోకి వచ్చింది. రెండు కార్యాలయాల చుట్టూ తిరిగే బాధ తప్పించినందుకు విద్యార్థుల తరఫున కృతజ్ఞతలు.

కాగితం మీద చూస్తే ఇదంతా పన్నెండు నుంచి పద్దెనిమిది నెలల్లో అయిపోవాలి. కరపత్రాల్లో రాసేదీ అదే. నేలమీద జరిగేది వేరు. విమానాలు మరమ్మతుల్లో ఉంటాయి, విడిభాగం విదేశం నుంచి రావాలి. శిక్షకులు అనుభవం రాగానే విమాన సంస్థలకు వెళ్లిపోతారు, ఉన్నవాళ్లకు విద్యార్థులు ఎక్కువవుతారు. వానకాలంలో మబ్బులు, శీతకాలంలో పొగమంచు, ఎండాకాలం మధ్యాహ్నం వేడిగాలుల కుదుపులు. రన్‌వే మీద ప్రయాణికుల విమానానికే మొదటి హక్కు కాబట్టి, రద్దీగా ఉన్న చోట శిక్షణ విమానం ఇంజను తిరుగుతూ నిలబడే ఉంటుంది. అన్నీ కుదిరిన రోజున ఒక గంట ఎగురుడు (సార్టీ), ఆ తరువాత వారం రోజులు ఖాళీ. హాస్టలు అద్దె, భోజనం, గ్రౌండ్ క్లాసుల ఖర్చు మాత్రం ఏ వారమూ ఆగవు. ఏడాదిన్నర అనుకున్నది రెండున్నర, మూడేళ్లు పట్టిన పిల్లలు ఉన్నారు. వానను, మరమ్మతును ఎవరూ ఆపలేరు, సంస్థలన్నీ మోసం చేస్తున్నాయనీ నేను అనడం లేదు. వాస్తవ కాలం ఎంతో ముందే తెలిస్తే తండ్రి ఆ లెక్కన అప్పు చేస్తాడు, లేదా మరో సంస్థను చూసుకుంటాడు. అంతే.

శిక్షణ సంస్థలకు ర్యాంకులు ఇచ్చే పద్ధతిని 2025 అక్టోబరులో డీజీసీఏ మొదలుపెట్టినప్పుడు మాకు ఆశ కలిగింది. తొలి జాబితాలో ఏ ఒక్క సంస్థా మొదటి రెండు శ్రేణుల్లో నిలవలేదన్న నిజాన్ని దాచకుండా ప్రకటించారు, అది మెచ్చుకోవలసిన ధైర్యం. అయితే తల్లిదండ్రుల చేతికి అందుతున్నది ప్రధానంగా ఒక అక్షరం. ఏ శ్రేణి అన్నది సంస్థను సంస్థతో పోల్చుకోవడానికి పనికొస్తుంది, మా అబ్బాయికి ఎన్ని నెలలు పడుతుందన్న ప్రశ్నకు మాత్రం జవాబివ్వదు. నేను కోరేది చిన్న పట్టిక: నిరుడు లైసెన్సు పొందినవాళ్లకు చేరిన తేదీ నుంచి సగటున పట్టిన నెలలు, అందరికంటే ఆలస్యమైన పిల్లవాడికి పట్టిన నెలలు, ఎగరగల స్థితిలో ఉన్న విమానాలు, పూర్తికాలం పనిచేస్తున్న శిక్షకులు, పేర్లు నమోదైన విద్యార్థులు, మధ్యలో మానేసినవాళ్లు. సగటు ఒక్కటే ఇస్తే చాలదు, ఎందుకంటే నలుగురు చురుగ్గా పూర్తిచేస్తే మిగిలినవాళ్ల ఆలస్యం ఆ సగటులో కలిసిపోతుంది. ఇంకో మేలు కూడా ఉంది. ఎగరకుండానే లాగ్‌బుక్‌లో కలంతో పెంచుకునే గంటలను ఈ రంగంలో వెటకారంగా "పార్కర్ పెన్ గంటలు" అంటారు. 2011లో నకిలీ పత్రాలతో లైసెన్సులు పొందిన వ్యవహారం బయటపడి అరెస్టులు జరిగిన సంగతి మీకు తెలియనిది కాదు. ఒక సంస్థకు ఎన్ని విమానాలున్నాయి, అవి నెలలో ఎన్ని గంటలు ఎగిరాయి అన్నది బహిరంగంగా ఉంటే, లేని గంటలను రాయడం అంత తేలిక కాదు.

డబ్బు సంగతి. దేశంలో లైసెన్సు దాకా అయ్యే ఖర్చు, సంస్థను బట్టి, సుమారు నలభై నుంచి అరవై లక్షలు. అమేఠీ జిల్లా ఫుర్సత్‌గంజ్‌లో మీ శాఖ కిందే ఉన్న ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ఫీజు కూడా సామాన్యుడికి అందుబాటులో ఉన్నదేమీ కాదు. గుర్తింపు పొందిన సంస్థలు నడిపే ఆమోదిత కోర్సులకు జీఎస్టీ వర్తించదని 2024 సెప్టెంబరులో జీఎస్టీ మండలి స్పష్టత ఇవ్వడం పెద్ద ఊరట. రుణం విషయంలో మాత్రం ఊరట లేదు. బ్యాంకుల నమూనా విద్యా రుణ పథకంలో డీజీసీఏ ఆమోదించిన పైలట్ శిక్షణకు చోటు ఉంది, కానీ ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు అడుగుతారు. అంటే నలభై లక్షల చదువులో ఏడున్నర లక్షల దాకానే పిల్లవాడి ప్రతిభ పూచీ, మిగిలినదానికి తండ్రి పట్టా భూమి పూచీ. భూమి లేనివాడి కొడుకు సంగతి ఏమిటి? షెడ్యూల్డ్ కులాల విద్యార్థుల టాప్ క్లాస్ ఎడ్యుకేషన్ పథకం మార్గదర్శకాల్లో ప్రైవేటు ఫ్లయింగ్ క్లబ్బుల కమర్షియల్ పైలట్ శిక్షణకు ఏడాదికి 3.72 లక్షల రూపాయల పరిమితి రాశారు. ఆ పరిమితితో కొన్ని పదుల గంటలైనా ఎగరలేరు. సామాజిక న్యాయ శాఖ మీది కాదు, కానీ ఒక గంట ఎగరడానికి ఇవాళ ఎంత ఖర్చవుతుందో ఆ శాఖకు లెక్క కట్టి చెప్పగలిగినవాళ్లు మీరే.

ఫీజు చెల్లింపు పద్ధతి మీద కూడా ఒక మాట. మొత్తం ఫీజును మూడు నాలుగు విడతలుగా తేదీల ప్రకారం కట్టించుకునే పద్ధతిలో, విద్యార్థి ఇరవై గంటలు ఎగిరేసరికి సంస్థ చేతిలో నూరు గంటల డబ్బు ఉంటుంది. సంస్థ మూతపడినా, విమానాలు ఆగిపోయినా, పిల్లవాడు మానుకున్నా ఆ డబ్బు వెనక్కి రావడం దుర్లభం. ఎగిరిన గంటలను బట్టి విడతలు ఉండాలనీ, ముందస్తు సొమ్ము ప్రత్యేక ఖాతాలో ఉండాలనీ, ఎగరని గంటల డబ్బు ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలో ఒప్పందంలో రాసి ఉండాలనీ గుర్తింపు షరతుల్లోనే చేర్చవచ్చు. ఇల్లు అమ్మే బిల్డర్ల విషయంలో రెరా చట్టంతో ఇలాంటి ఏర్పాటు ఇప్పటికే ఉంది.

లైసెన్సు వచ్చాక కథ సుఖాంతం అనుకునేవాళ్లే ఎక్కువ. ఎ320 వంటి పెద్ద విమానం నడపాలంటే ఆ రకం విమానం నడిపే విడి అర్హత, అంటే టైప్ రేటింగ్ కావాలి, దానికి సుమారు మరో పదిహేను నుంచి ఇరవై అయిదు లక్షలు. విమాన సంస్థ పెట్టుకుంటే మంచిదే. చాలాసార్లు అభ్యర్థే పెట్టుకోవాలి. ఆపైన రాత పరీక్ష, నైపుణ్య పరీక్ష, సిమ్యులేటర్, ఇంటర్వ్యూ. పిలుపు రాని కాలంలో ఊరికే కూర్చోవడానికీ లేదు: పరికరాల ఆధారంగా ఎగిరే అర్హత అయిన ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఏటా పునరుద్ధరించుకోవాలి, వైద్య ధ్రువీకరణ ఏటా చేయించుకోవాలి, చేతి వాటం పోకుండా అప్పుడప్పుడూ డబ్బు కట్టి ఎగరాలి. అరవై లక్షల అప్పు మీద ఏడాదికి పదకొండు శాతం వడ్డీ అనుకుంటే వడ్డీ ఒక్కటే నెలకు 55,000 రూపాయలు. 2012లో కింగ్‌ఫిషర్ ఆగిపోయింది, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది, 2020లో కోవిడ్ వచ్చింది, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయింది. ప్రతిసారీ అనుభవం ఉన్న పైలట్లు వందల్లో వీధిన పడ్డారు, కొత్తవాళ్లు వరుసలో ఇంకా వెనక్కి జరిగారు. కాబట్టి లైసెన్సు పొందిన ఏడాది వారీగా, ఎంతమంది ఇప్పుడు విమాన సంస్థల్లో ఎగురుతున్నారన్న లెక్క కావాలి. 2023లో 1,622 కమర్షియల్ లైసెన్సులు ఇచ్చామని ప్రకటించగలిగిన డీజీసీఏకు, ఆ 1,622 మందిలో ఎంతమంది ఎ320, 737, ఏటీఆర్ కాక్‌పిట్లలో ఉన్నారో తన సొంత లైసెన్సు రికార్డుల్లో టైప్ రేటింగుల నమోదు చూస్తే చాలావరకు తెలుస్తుంది. 2025 ఫిబ్రవరిలో మీరు ప్రారంభించిన ఎలక్ట్రానిక్ లైసెన్సు విధానంతో ఆ పని ఇంకా తేలికయి ఉండాలి.

విమాన సంస్థలే నడిపే కేడెట్ ప్రోగ్రాంలు ఈ అనిశ్చితికి ఒక జవాబని చెబుతున్నారు. నిజమే, చివర్లో ఉద్యోగం దాదాపు ఖాయంగా కనిపించే దారి అది. కోటి రూపాయలు తేగల కుటుంబాలకు. మహారాష్ట్రలోని అమరావతిలో ఎయిర్ ఇండియా సొంత శిక్షణ కేంద్రం వస్తోందన్న వార్త చదివి, మన అమరావతే అనుకుని నన్ను అడిగినవాళ్లు ఉన్నారు. వాళ్ల ఉత్సాహాన్ని చూసి నవ్వు రాలేదు. మన అమరావతిలో కాకపోయినా, 2022లో శిక్షణ సంస్థల కోసం విమానాశ్రయాల ప్రాధికార సంస్థ ఎంపిక చేసిన అయిదు విమానాశ్రయాల్లో కడప ఉంది. అక్కడ ఆకాశం ఏడాదిలో ఎక్కువ రోజులు నిర్మలంగా ఉంటుంది, ప్రయాణికుల విమానాల రద్దీ తక్కువ. ఆ ఎంపిక వల్ల కడపలో ఇప్పటిదాకా ఎంతమంది ఒంటరిగా విమానం నడిపారో (సోలో), ఎంతమందికి లైసెన్సు వచ్చిందో నేను కోరిన పట్టికలో ఒక వరుసగా చూడాలని ఉంది.

విదేశీ దారి గురించి క్లుప్తంగా. అమెరికా చదువులు తెలుగు కుటుంబాలకు కొత్త కాదు కాబట్టి, పైలట్ శిక్షణకూ అదే ధైర్యంతో పంపుతున్నారు. కానీ ఎంఎస్‌కు వెళ్లే పిల్లల ఎఫ్-1 వీసాకూ, అక్కడి ఫ్లయింగ్ స్కూళ్లలో చాలావాటికి వర్తించే ఎం-1 వీసాకూ తేడా ఉంది. చదువు కాగానే అక్కడే కొన్నేళ్లు పనిచేసి అప్పు తీర్చే వెసులుబాటు ఎం-1లో ఉండదు. అక్కడ నెలల్లో గంటలు పూర్తవుతాయి, అది నిజమైన లాభం. తిరిగి వచ్చాక లైసెన్సును భారతీయ లైసెన్సుగా మార్చుకోవడానికి డీజీసీఏ పరీక్షలు, రేడియో పరీక్ష, ఇక్కడి విమానం మీద నైపుణ్య పరీక్ష ఉంటాయి, ఆ ఖర్చు, ఆ నెలలు కూడా కలిపి చూడాలి. ఈ మార్పిడికి వాస్తవంగా పడుతున్న నెలల సగటు కూడా ప్రకటిస్తే ఇంట్లో కూర్చుని రెండు దారులనూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

ఇదంతా తెలుగులో ఉండాలి. పైలట్‌కు ఇంగ్లీషు కావాలి, అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం నాలుగో స్థాయి ప్రావీణ్యం తప్పనిసరి, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు ఆ స్థాయికి చేరుకోగలరని కళ్లారా చూస్తున్నాను. కానీ సంతకం పెట్టి డబ్బు కట్టేది పిల్లవాడు కాదు, తండ్రి. ఒప్పందంలోని షరతు ఆయన భాషలో ఉండాలి. చిన్నచిన్న విషయాలకు కూడా ఎంత కాలం వృథా అవుతుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. డీజీసీఏ పరీక్షలకు ముందు కంప్యూటర్ నంబర్ అనే అభ్యర్థి గుర్తింపు సంఖ్య తీసుకోవాలి, దానికి పదో తరగతి, ఇంటర్ పత్రాలు సరిచూస్తారు. మన పిల్లలకు పదో తరగతి పత్రంలో ఇంటిపేరు ముందు ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరంగా మారుతుంది, పాస్‌పోర్టులో చివరికి వెళ్తుంది. ఈ మూడు పేర్లూ ఒక్కరివేనని రుజువు చేసుకోవడానికి నెలలు పట్టవచ్చు. ఇంటర్ మొదటి ఏడాదిలోనే సరిచేసుకోమని ఒక వాక్యం ఎక్కడైనా రాసి ఉంటే ఆ నెలలు మిగులుతాయి. నేను మా తరగతిలో చెబుతున్నాను, నా మాట వినపడేది అరవై మందికి.

దారులు ఇవి మాత్రమే కావని కూడా ఆ తెలుగు ప్రతిలో ఉండాలని కోరుతున్నాను. జాతీయ రక్షణ అకాడమీ (ఎన్‌డీఏ) ద్వారానో, డిగ్రీ తరువాత వైమానిక దళ ప్రవేశ పరీక్ష ద్వారానో ఫీజు లేకుండా, జీతం తీసుకుంటూ విమానం నడపడం నేర్చుకునే మార్గం ఉంది. హైదరాబాదు పక్కనే దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ ఉంది. అమ్మాయిలకు కూడా ఎన్‌డీఏ తలుపు తెరుచుకుంది. దేశంలోని పైలట్లలో మహిళల వాటా ప్రపంచ సగటు కంటే చాలా ఎక్కువని మీ శాఖ గర్వంగా చెబుతుంది, చెప్పదగ్గదే. అలాగే, విమానయానం పేరుతో నడిచే బీబీఏ, డిప్లొమా కోర్సులు పైలట్ లైసెన్సు ఇవ్వవన్న ఒక్క వాక్యాన్ని పెద్ద అక్షరాలతో ముద్రించండి. ఆ వాక్యం లేకపోవడం వల్ల పోతున్న డబ్బు తక్కువేమీ కాదు.

ర్యాంకుల జాబితాను ఏటా ఏప్రిల్ 1న, అక్టోబరు 1న ప్రకటిస్తామని డీజీసీఏ చెప్పింది. మా పిల్లల ఇంటర్ ఫలితాలు వచ్చేది కూడా ఏప్రిల్‌లోనే. ఫీజు చెల్లింపులు, భూమి అగ్రిమెంట్లు, బ్యాంకు సంతకాలు జరిగేది ఆ తరువాతి రెండు నెలల్లో. రాబోయే ఏప్రిల్ జాబితాలో ప్రతి సంస్థ పేరు ఎదురుగా మరో రెండు గడులు చేర్చండి: లైసెన్సుకు పట్టిన నెలలు, రెండేళ్లలో ఉద్యోగంలో చేరినవారి శాతం. క్లాస్ 1 రానిదే ఫీజు తీసుకోరాదన్న ఉత్తర్వును దానితోపాటే ఇవ్వండి. ఆ జాబితా ప్రతిని రెండు తెలుగు రాష్ట్రాల ఇంటర్మీడియెట్ బోర్డుల ద్వారా ప్రతి జూనియర్ కళాశాలకూ పంపితే, నోటీసు బోర్డు మీద అంటించే బాధ్యత మేము తీసుకుంటాము.

ఇట్లు,
భవదీయుడు,
ఒక జూనియర్ కళాశాల భౌతికశాస్త్ర అధ్యాపకుడు